కటకట నెలలో వీధి కొట్టు

వీధి చివరి కిరాణా కొట్టు, తోపుడు బండి మీద కూరలు, వరండాలో కుట్టు మిషను, మిక్సీలు కుక్కర్లు బాగుచేసే చిన్న షాపు, ఇవన్నీ చుట్టుపక్కల నాలుగైదు వీధుల ఇళ్ల మీద బతికే వ్యాపారాలు. ఆ ఇళ్లలో ఖర్చు తగ్గితే ముందుగా తెలిసేది వీటికే. జూన్‌లో బడి ఫీజులు కట్టాక, ఆస్పత్రి ఖర్చు మీద పడ్డాక, జీతం ఆలస్యమయ్యాక ఇంటి లెక్క బిగుసుకుంటుంది. తెలిసిన కొట్టునే పట్టుకుని ఉండాలన్న మనసుకూ, పది రూపాయలు ఎక్కడ కలిసొస్తే అక్కడికి పోక తప్పని అవసరానికీ అప్పుడు పేచీ వస్తుంది. చిన్న వ్యాపారికి మేలు చేయడమంటే ఎక్కువ ధర పెట్టి కొనడమేనన్న అభిప్రాయం ఆ పేచీని ఇంకా పెంచుతుంది. ఆ అభిప్రాయం సరికాదు. వీధి కొట్టుకు అన్నిటికన్నా కావలసింది రొటేషన్, అంటే చేతులు మారుతూ తిరిగే రొక్కం. కొన్నది కొంచెమే అయినా దాని డబ్బు వేళకు అందితే కొట్టు నడుస్తుంది. డబ్బుకు ఇబ్బంది పడుతున్న ఇల్లు కూడా ఈ మేలు చేయగలదు.

ధరల విషయంలో ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. పెద్ద స్టోర్లు కంపెనీల నుంచి లారీల లెక్కన కొంటాయి. డీమార్ట్ లాంటి సంస్థ చాలాచోట్ల సొంత భవనాల్లోనే నడుస్తుంది కాబట్టి దానికి అద్దె బరువు కూడా తక్కువ. కిరాణా వ్యాపారి డిస్ట్రిబ్యూటర్ మనిషి వారానికోసారి తెచ్చే సరుకు తీసుకుంటాడు, లేదా బేగంబజార్‌కో విజయవాడ వన్‌టౌన్‌కో విశాఖ పూర్ణామార్కెట్‌కో వెళ్లి తెచ్చుకుంటాడు. సబ్బులు, బట్టల పొడి, టూత్‌పేస్టు, నూనె ప్యాకెట్ల మీద ఎమ్మార్పీకి రూపాయో రెండో తగ్గించగలడేమో గాని, పెద్ద స్టోరు ఇచ్చే తగ్గింపు అతనికి గిట్టదు. నెలకు సరిపడా పెద్ద ప్యాకెట్లు ఒక్కసారే కొనగలిగిన ఇంటికి ఈ సరుకులు స్టోర్లో కొనడమే లాభం. అలా కొన్నందుకు ఎవరూ తప్పు చేసినట్టు బాధపడనక్కర్లేదు.

అయితే కటకట నెలలో పెద్ద ప్యాకెట్లు కొనే వీలే ఉండదు. అప్పుడు పావుకిలో కందిపప్పు, 50 గ్రాముల జీలకర్ర, పది రూపాయల చింతపండు కావాలి. విడి సరుకు కొలిచి పొట్లం కట్టి ఇచ్చేది కిరాణా కొట్టే. పెద్ద స్టోరుకు ఆటోలో వెళ్లి రావాలి, అక్కడ చీటీలో లేనివి నాలుగు బుట్టలో పడతాయి. ఫోన్‌లో పది నిమిషాల్లో తెప్పించుకునే యాప్‌లలో డెలివరీ చార్జీ ఉంటుంది, హ్యాండ్లింగ్ చార్జీ ఉంటుంది, బిల్లు చిన్నదైతే దాని మీద మరో రుసుము. పావుకిలో పప్పుకు ఆ చార్జీలన్నీ కలిపితే వీధి కొట్టు ధరే తక్కువని తేలడం మామూలే. షాంపూ లాంటి వాటిలో చిన్న సాచెట్‌కే మిల్లీలీటరు ధర తక్కువ పడటం కూడా చాలాసార్లు కనిపిస్తుంది. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ఇప్పుడు ప్యాకెట్ మీదే ముద్రిస్తున్నారు. ఎమ్మార్పీ కన్నా ఆ అంకె చూసుకుంటే ఏ సరుకు ఎక్కడ కొనాలో ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

ఇక ఖాతా. గల్లాపెట్టె మీద ఉండే ఆ సన్నటి పొడుగు పుస్తకంలో అసలు పేర్లు అరుదుగా కనిపిస్తాయి. ‘మేడమీద మేష్టారు’, ‘ట్యాంకు పక్కిల్లు’, ‘కరెంటాయన’ అని ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. తారీఖు, పొట్టి అక్షరాల్లో సరుకు, పక్కన పద్దు. డబ్బు ముట్టినప్పుడు అడ్డంగా గీత కొట్టి చెల్లు రాస్తారు. ఇప్పుడు ఖాతాబుక్ లాంటి యాప్‌లు వచ్చినా పద్ధతి అదే. ఏ బ్యాంకూ అప్పివ్వని ఇంటికి కూడా పాలు, బియ్యం, పప్పు ఆగకుండా అందించే అప్పు ఇది. వడ్డీ లేదు, హామీ లేదు. గోడ మీద ‘నేడు నగదు, రేపు అరువు’ అని రాసి పెట్టుకున్న కొట్లోనూ తెలిసిన ఇంటికి అరువు ఉంటుంది.

వడ్డీ లేనిది కొన్న ఇంటికే. కొట్టుకు మాత్రం వడ్డీ ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ చాలా సరుకుకు అక్కడికక్కడే డబ్బు అడుగుతాడు, మహా అయితే వారం గడువిస్తాడు. ఆ డబ్బు లేనప్పుడు చిన్న వ్యాపారి రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి పోతాడు. పది వేలని రాసుకుని తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలవాటైనదే. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కాని మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి తొమ్మిది వేలూ వంద రోజులు అతని చేతిలో ఉండవు. జాగ్రత్తగా లెక్క కడితే నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది.

ఇప్పుడు ఒక పద్దు తీసుకుందాం. ఒక ఇల్లు 3,000 రూపాయల సరుకు అరువు తీసుకుంది. నూటికి పది మిగులుతుందనుకుంటే వ్యాపారి పెట్టుబడి 2,700, లాభం 300. ఆ పెట్టుబడి ఆరు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే నెలకు 162 రూపాయలు వడ్డీకే పోతుంది. బాకీ ఒక నెల నిలిస్తే లాభంలో సగానికి పైగా కరిగింది. రెండు నెలలు నిలిస్తే వడ్డీ 324. వ్యాపారి ఆ ఇంటికి సరుకిచ్చి పైన 24 రూపాయలు చేతి నుంచి పెట్టుకున్నట్టు. అద్దె, కరెంటు బిల్లు, ఎలుకలు కొరికిన బస్తా, గడువు దాటి పారేసిన బ్రెడ్డు ఈ లెక్కలోకి రానేలేదు. ధర దగ్గర రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వడం కన్నా బాకీ పదిహేను రోజులు ముందు తీర్చడం అతనికి ఎందుకు పెద్ద సాయమో ఇక్కడ తెలుస్తుంది.

కాబట్టి ఇబ్బంది వచ్చిన ఇల్లు ముందుగా చేయాల్సింది ఖాతా మానుకోవడం కాదు, ఖాతా గురించి నోరు విప్పి చెప్పడం. ‘అన్నా, ఈ నెల సగమే కడతా, మిగతాది పదో తారీఖున ఇస్తా’ అని ఒకటో తారీఖునే చెబితే అతను దానికి తగ్గట్టు సరుకు తెచ్చుకుంటాడు. చెప్పకుండా ఆ దారినే పోవడం మానేసి, పక్క వీధి మీదుగా తిరిగి వెళ్లేవాళ్లుంటారు. సిగ్గుతో చేసే పనే గాని, దానివల్ల బాకీతో పాటు బేరమూ పోతుంది. పాత బాకీ మొత్తం ఒకేసారి తీర్చలేకపోతే కొత్త సరుకు నగదుకు కొంటూ పాతదానిలో ప్రతివారం వంద, రెండు వందలు జమ చేయడం మంచి ఏర్పాటు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మరొకటి ఉంది. జీతం వచ్చిన రోజు రొక్కమంతా పెద్ద స్టోర్లో పెట్టి, ఇరవయ్యో తారీఖు తర్వాత అరువుకు మాత్రం వీధి కొట్టుకు రావడం. ఆ ఇంటి లాభసాటి బేరం ఒకరికి, గడ్డు రోజుల బరువు ఇంకొకరికి. ఎంత మర్యాదస్తుల ఇల్లయినా ఇది అన్యాయమే. నెల మొదట్లో స్టోరుకు వెళ్లేవాళ్లు సైతం బియ్యమో పప్పులో ఏదో ఒక పెద్ద పద్దు నగదుగా వీధి కొట్లో కొంటే ఆ అరువుకు తగిన న్యాయం చేసినట్టవుతుంది.

కూరల బండి లెక్క వేరు. అక్కడ అప్పు ఒక్క రోజుది. తెల్లవారుజామున బోయినపల్లి లాంటి మార్కెట్‌కు వెళ్లి బస్తాల్లో, ట్రేలలో కొని తెచ్చిన సరుకు ఆ పూటే అమ్ముడుపోవాలి. బెండ, వంకాయ మర్నాటికి ఆగుతాయి. తోటకూర, గోంగూర, కొత్తిమీర ఆగవు. తడి గోనె కప్పి ఎన్నిసార్లు నీళ్లు చల్లినా మధ్యాహ్నానికి కట్ట చివర్లు వాలిపోతాయి. చీకటి పడే వేళకు ఇరవైకి మూడు కట్టలని కేక వేసేది అందుకే. డబ్బు తక్కువున్న ఇల్లు ఆ వేళకు కొంటే ఇద్దరికీ మేలు. ఇంటికి చవక, బండికి పారబోత తప్పుతుంది. పొద్దున్నే బోణీ వేళ పది రూపాయల కట్ట దగ్గర మూడు రూపాయలకు పట్టుబట్టి, కొసరు కూడా అడగడం మాత్రం మానుకోవాల్సిన బేరం. మదనపల్లె, పత్తికొండ మార్కెట్లకు టమాటా వెల్లువెత్తి ధర పడిపోయిన రోజుల్లో బండి మీద నాలుగు కిలోలు ఎక్కువ కొని నిలవ పచ్చడో ఒరుగులో పెట్టుకుంటే ధర మండే నెలలో ఆ ఖర్చు తప్పుతుంది. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. ఇంటికి దగ్గరగా ఉంటే వారానికోసారి అక్కడికీ, మధ్యలో అవసరాలకు బండి దగ్గరికీ వెళ్లడం చాలా ఇళ్లకు సరిపోయే పద్ధతి.

వీధి వ్యాపారులకు 2014లో ప్రత్యేక చట్టం వచ్చింది. సర్వే చేసి అమ్మకపు ధ్రువపత్రం ఇవ్వాలని, అందాకా వాళ్లను ఖాళీ చేయించకూడదని ఆ చట్టం చెబుతుంది. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో హామీ లేకుండా మొదట 10,000 రూపాయల అప్పు ఇచ్చారు. వేళకు కడితే వడ్డీలో 7 శాతం రాయితీ, మరోసారి పెద్ద మొత్తం. రోజువారీ ఫైనాన్స్‌తో పోలిస్తే ఇది ఎంత ఊరటో పై లెక్క చూసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ పథకంలో ఉన్నవాళ్లు ఫోన్ ద్వారా డబ్బు తీసుకుంటే కొంత క్యాష్‌బ్యాక్ కూడా వస్తుంది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి నుంచి రుసుము వసూలు చేయడం లేదు. అయినా తెల్లవారి మార్కెట్‌కు రొక్కమే కావలసిన బండివాళ్లు ఉంటారు. ఫోన్ తీసే ముందు ‘నోట్లు ఇవ్వనా, ఫోన్ పే చేయనా అమ్మా?’ అని అడగడానికి ఖర్చేమీ లేదు.

పనిమంతుల దగ్గర పెట్టే ఖర్చు ఇంకా నేరుగా చేరుతుంది. సబ్బు బిళ్ల మీద వంద ఖర్చు చేస్తే అందులో వీధి కొట్టుకు మిగిలేది పదో పన్నెండో. చొక్కా కాలర్ తిప్పి కుట్టినందుకు ఇచ్చినదంతా దాదాపు ఆ దర్జీ కూలే. దారం, కరెంటు పోగా మిగతాది ఇంటికి వెళుతుంది. ఖర్చు తగ్గించుకోవాల్సిన నెలలో కొత్తది కొనకుండా పాతది బాగుచేయించడం ఎలాగూ చేయాల్సిన పని. యూనిఫాం ప్యాంటు కొనేటప్పుడే కింద మూడు వేళ్ల మడత లోపలికి వదిలి కుట్టిస్తే వచ్చే ఏడాది విప్పి పొడుగు చేయించవచ్చు. అంచు చిరిగిన పట్టుచీర పిల్లకు పరికిణీ అవుతుంది. మిక్సీ జార్ అడుగున నీళ్లు కారుతుంటే చాలాసార్లు బుష్ మారిస్తే సరిపోతుంది, జార్ మార్చనక్కర్లేదు. పిండివంటలకూ ఇలాంటి దారే ఉంది. సంక్రాంతికి అరిసెలు, జంతికలు స్వగృహ ఫుడ్స్‌లో కిలోల లెక్కన కొనలేని ఇల్లు, బియ్యం, బెల్లం, నూనె తానిచ్చి, వీధిలో వండిపెట్టే ఆడవాళ్లతో కిలోకింత అని కూలికి చేయించుకోవచ్చు. ఈ పనులన్నిటిలో కూలి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకూడదు. సరుకు ధరలో బేరం లాభంలోంచి పోతుంది, కూలిలో బేరం వాళ్ల కంచంలోంచి పోతుంది.

అభిమానం ఎంత ఉన్నా కొన్నిచోట్ల గట్టిగా ఉండాల్సిందే. ఎమ్మార్పీకి మించి తీసుకోవడం నేరం. కూల్ డ్రింకు చల్లగా ఉందని రెండు రూపాయలు పైన వేయడమూ అందులోకే వస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. అనుమానం ఉంటే ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడటం కొనేవారి హక్కు. ఖాతా ఇళ్లకు ధర కాస్త పైకి వేసే కొట్లూ లేకపోలేదు. పద్దులో వేసిన ధర, నగదు ధర ఒకటేనా అని నెలకోసారి రెండు మూడు సరుకులకు సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే ముందు కొట్లోనే, నలుగురూ లేనప్పుడు చెప్పడం మంచిది. చాలామంది సరిచేసుకుంటారు. సరిచేసుకోని చోట కొనడం మానేయవచ్చు, పక్క వీధిలో మరో కొట్టు ఉంటుంది.

ఇంటి లెక్క తేరుకున్నాక తొలి జీతంలోంచి ముందు పాత పేజీకి చెల్లు రాయించుకోవాలి. ఆ తర్వాత ఖరీదైనవేవీ కొనక్కర్లేదు, సరుకుల చీటీ ఒకటో తారీఖుకు రెండు రోజుల ముందే ఇస్తే చాలు. చీటీ చేతిలో ఉంటే వ్యాపారి అమ్ముడుపోతుందో లేదో తెలియని సరుకు మీద అప్పు తెచ్చి పెట్టడు. టోకు మార్కెట్‌కు వెళ్లేటప్పుడే ఆ ఇంటి బియ్యం బస్తా, అడిగిన బ్రాండు పప్పు కలిపి తెస్తాడు. నాలుగిళ్ల చీటీలు కలిస్తే టోకు ధరలో అతనికి కాస్త కలిసొస్తుంది. అందులో ఎంత తగ్గిస్తాడని అడగడం ఆ నాలుగిళ్లకూ తగిన బేరమే.