పోగు విప్పి చూసి కొనండి

పెండ్లి జాకెట్టుకు మగ్గం వర్క్ చేయిస్తే, అయ్యే ఖర్చులో పెద్ద వాటా చేతికూలిదే. బట్ట, పూసలు, కుందన్లు, దారం అన్నీ కలిపినా చాలాసార్లు ఆ కూలికి తక్కువే పడతాయి. అయినా బేరం దగ్గరికొచ్చేసరికి మనం కోత పెట్టేది దారం మీద. రోజుల తరబడి నడుం వంచి కుట్టిన పని రెండేళ్లకే నల్లబడితే, ఆ కష్టమంతా జాకెట్టుతోపాటే బీరువా మూలకు చేరుతుంది. అందుకే కుట్టే చేతిని వెతికినంత శ్రద్ధగా జరీ దారాన్నీ వెతకాలంటాను.

నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ ప్రాంతమంతా సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. యాసంగి వడ్లు అమ్ముడుపోయి నాలుగు డబ్బులు చేతికొచ్చే రోజులూ, ఎండాకాలం ముహూర్తాలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అప్పుడు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో మగ్గం పెట్టుకున్న ఏ దుకాణానికి పోయినా ‘ఇప్పుడు కాదక్కా, నెల పడుతుంది’ అనే జవాబే. సామాను ఇటు హైదరాబాద్ నుంచో అటు విజయవాడ నుంచో వస్తుంది. సూర్యాపేట, కోదాడ ఆ రెండు నగరాలను కలిపే జాతీయ రహదారి మీదే ఉన్నాయి కాబట్టి సరుకుకు కొదవలేదు. ఏ ఊరి దుకాణంలో కొన్నా, జరీ పుట్టిల్లు మాత్రం చాలావరకు గుజరాత్‌లోని సూరత్. అక్కడి జరీ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ పనికి మన దగ్గర పెద్ద చదువు చెప్పింది హైదరాబాద్ పాతబస్తీ. అసఫ్‌జాహీల కాలంలో షేర్వానీలకు, పెండ్లికూతుళ్ల ఖడా దుపట్టాలకు కార్చోబ్ చట్రాల మీద జర్దోజీ కుట్టిన కార్ఖానాలు అక్కడివి. నలుగురు కారీగర్లు ఒకే చట్రం చుట్టూ కూర్చుని, అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చే పద్ధతి అక్కడ ఇప్పటికీ కనిపిస్తుంది. మన పట్టణాల్లో ఆ చట్రమే చిన్నదై ముందుగదిలోకి వచ్చింది. ఆడపిల్లలు కొన్ని నెలల్లో ఆరీ సూది పట్టడం నేర్చుకుని ఇంట్లోనే సంపాదించుకుంటున్నారు. ఇది నాకు ఎంతో సంతోషం కలిగించే మార్పు. అయితే కుట్టు నేర్పేవాళ్లు దారం ఎంచుకోవడం నేర్పడం తక్కువ.

బంగారు దారం అంటాం గానీ అందులో బంగారం పైపూత మాత్రమే. కాంచీపురంలో తమిళనాడు ప్రభుత్వ సంస్థ తయారుచేసే పేరున్న జరీలో కూడా బంగారం ఒక శాతానికి లోపే. మిగతాదంతా వెండి, రాగి, పట్టు. అంత కొద్ది బంగారంతో అంత పొడవు దారం మెరవడానికి కారణం ఆ లోహానికున్న సాగే గుణం. ఒక్క గ్రాము బంగారాన్ని రెండు కిలోమీటర్లకు పైగా తీగగా లాగవచ్చు. పూర్వం వెండి కడ్డీకి బంగారు రేకు తొడిగి, వేడిచేసి, చిన్న చిన్న రంధ్రాల గుండా లాగేవారు. వెండి సన్నబడే కొద్దీ బంగారమూ దాన్ని అంటిపెట్టుకుని సాగేది. ఇప్పుడు తీగను ముందు సన్నగా లాగి, రోలర్ల మధ్య నొక్కి రేకులా చేస్తారు. దీన్నే బాద్లా అంటారు. దాన్ని పట్టు పోగు చుట్టూ చుట్టి, ఆఖరున విద్యుత్తు సాయంతో బంగారు పూత వేస్తారు.

వెండి రేకు, పట్టు పోగు, బంగారు పూత ఉంటే అసలు జరీ. రాగి తీగ మీద వెండి పూత వేసి, దాని మీద బంగారు పూతో బంగారు రంగో ఎక్కిస్తే అది బజారులో ‘టెస్టెడ్’ పేరుతో, ఇంకా పలచనైతే ‘ఇమిటేషన్’ పేరుతో దొరుకుతుంది. మూడోది ప్లాస్టిక్ జరీ. పాలిస్టర్ పొర మీద అల్యూమినియం ఆవిరి పట్టించి, పసుపు లక్క పూసి, సన్నటి పట్టీలుగా కోసి పోగుకు చుడతారు. ఈ మూడింటిలో ఏదీ తప్పు సరుకు కాదు. ఒకదాని పేరు చెప్పి, ఆ ధర తీసుకుని ఇంకొకటి ఇవ్వడమే తప్పు. నగకైతే హాల్‌మార్క్ ఉంది, దారపు రీలుకు అలాంటి ముద్ర లేదు. కాబట్టి చూసుకోవలసింది మనమే.

దుకాణంలో జానెడు దారం తెంపి ఇమ్మనండి. నిజాయితీగా అమ్మేవారు కాదనరు. గోటితో పైచుట్టు విప్పండి. లోహమైతే రేకు వంపు తిరిగి, విప్పిన తీరులోనే నిలబడుతుంది. ప్లాస్టిక్ రేకు మెత్తగా వేలాడుతుంది, లాగితే సాగుతుంది. తరువాత బయటికొచ్చి ఆ పోగును అగ్గిపుల్లతో కాల్చండి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది, లోహపు రేకు చుట్టలాగే మిగులుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన. పాలిస్టర్ ముడుచుకుపోయి గట్టి నల్ల ఉండ అవుతుంది. లోహమా ప్లాస్టికా అన్నది దీంతో తేలుతుంది గానీ వెండా రాగా అన్నది తేలదు. దానికి దారాన్ని గరుకు రాయి మీద నాలుగుసార్లు రుద్దాలి. పూత లేచి ఎర్రటి చార కనిపిస్తే కింద ఉన్నది రాగి. పెద్ద మొత్తంలో కొంటున్నప్పుడు, నగలను ఎక్స్‌రే యంత్రంతో పరీక్షించే చోట చూపిస్తే లోహాల పాళ్లు తెలుస్తాయి. లోపలి పోగు రంగు చూసి ఎర్రగా ఉంది కాబట్టి అసలుదే అనుకోవద్దు. ఏ పోగుకైనా ఎర్రరంగు అద్దవచ్చు.

మగ్గం పనిలో దారం ఒక్కటే కాదు, స్ప్రింగులా చుట్టిన తీగ కూడా ఉంటుంది. మన దుకాణాల్లో జర్దోసీ అని అడిగితే ఇచ్చేది అదే. సన్నటి తీగను సూది చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టి, సూది తీసేస్తే మిగిలే గొట్టం అది. మెరుపు లేనిది కోరా, నున్నగా మెరిసేది చిక్నా, పలకలు తేలి తళుక్కుమనేది నక్షీ. దీన్ని కావలసిన పొడవుకు ముక్కలు కోసి, మామూలు సూదిలో పూసలా ఎక్కించి కుడతారు. కొనేటప్పుడు ఒక ముక్కను కొద్దిగా లాగి వదలండి. మంచి చుట్టు పెద్దగా మారకుండా తన రూపానికి దగ్గరగా వస్తుంది. నాసిరకం అక్కడే తెరుచుకుని, మధ్య సందుల్లోంచి కింది దారం కనిపిస్తుంది. ఒకసారి తెరుచుకున్నది మళ్లీ మూసుకోదు. కత్తిరించిన చోట రాగి ఎర్రగా కనిపించడం మామూలే. ఇప్పుడు దొరికే జర్దోసీలో ఎక్కువభాగం రాగి మీద పూతే. దాంట్లో పూత దళసరిగా ఉన్నది చూసుకోవాలి.

ఏ దారం ఎక్కడ పనికొస్తుందన్నది కుట్టు చెబుతుంది. ఆరీ సూదికి కొన వంకీ ఉంటుంది. అది బట్ట కింద నుంచి దారాన్ని పైకి లాగి గొలుసుకుట్టు వేస్తుంది. ప్రతి లాగుకూ దారం వంకీకి రాసుకుంటుంది కాబట్టి అక్కడ సన్నటి, మెత్తటి, గట్టిగా చుట్టిన జరీ కావాలి. చుట్టు వదులైతే రేకు చీలి పోగు బయటపడుతుంది. లావు జరీని అసలు బట్టలోంచి లాగనే కూడదు. బట్ట మీద పరిచి, సన్నటి పట్టుదారంతో అక్కడక్కడ కట్టివేయాలి. ఆ కట్టుదారానికి ముందు తేనెమైనం రాస్తే లోహపు అంచులకు తెగదు. ఈ పద్ధతి మనదే కాదు, బంగారు దారంతో కుట్టే దేశాలన్నింటిలోనూ ఉంది. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకపు వస్త్రాన్ని లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్‌లో 12 మంది కుట్టారు. 3,500 గంటలకు పైగా పట్టిన ఆ పనిలో 18 రకాల బంగారు దారాలు వాడారు. ఒక్కో ఆకుకు, ఒక్కో కంకికి ఒక్కో మెరుపు కావలసివచ్చింది మరి. మన మగ్గం మీద కూడా కోరా, నక్షీ పక్కపక్కన వేస్తే మామిడిపిందె లోపలి వంపు విడిగా కనిపిస్తుంది. అంతా ఒకే మెరుపుతో నింపితే దూరానికి పసుపు మచ్చలా ఉంటుంది.

దారం ఎప్పుడూ పగటి వెలుగులో, చీర అంచు పక్కన పెట్టి చూసుకోవాలి. దుకాణం దీపాల కింద ఎర్రబంగారు, పచ్చబంగారు ఛాయలు ఒకేలా కనిపిస్తాయి. పనికి సరిపడేదానికన్నా కాస్త ఎక్కువే, ఒకేసారి తీసుకోండి. మరుసటి వారం తెచ్చిన రీలు అదే పేరుదైనా ఛాయ తేడా రావచ్చు. రెండు చేతులూ రెండు రంగుల్లో ఉంటే దిద్దుకునే దారి లేదు.

నా మటుకు, చిన్నపిల్లల లంగాజాకెట్టుకు, బతుకమ్మకు ఒకటి రెండుసార్లు కట్టుకునే దానికి ప్లాస్టిక్ జరీ చాలు. అది తేలిక, గుచ్చుకోదు, నల్లబడదు. ఇస్త్రీ వేడికి మాత్రం ముడుచుకుపోతుంది. పెండ్లి జాకెట్టుకు పూత బాగున్న టెస్టెడ్ జరీ పెట్టండి. కూతురికి, మనవరాలికి చేరాలనుకునే దుపట్టాకు అసలు జరీ కొనండి. వెండి ధరను బట్టి దాని ధర ఎక్కుతుంది, దిగుతుంది. బరువు లెక్కన అమ్ముతారు. నేతగాళ్లు ‘మార్కు’ అనే కొలత సుమారు 240 గ్రాములు.

వెండిని నల్లబరిచేది గాలిలోని గంధకం. రాగికి పచ్చ చిలుము పట్టించేది చెమట, తేమ. అందుకే చంక దగ్గర పని వద్దని, వేసినా కింద లైనింగు ఉండాలని చెప్పండి. సెంటు కొట్టుకున్నాక జాకెట్టు వేసుకోవాలి, వేసుకున్నాక కొట్టుకోకూడదు. నలుగు, తలంబ్రాల పసుపు పడితే నీళ్లతో రుద్దకుండా మెత్తటి బ్రష్షుతో పొడిగా దులపండి. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, పనిని లోపలికి పెట్టి దాచండి. ప్లాస్టిక్ కవర్లో తేమ నిలుస్తుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు. ఇస్త్రీ తిరగేసి చేయాలి.

పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో తిరిగేవాళ్లు అంచును రాయి మీద రుద్ది చూసేది వెండి కోసమే. ఆ అంచులను కాల్చి, కరిగించి వెండి తీస్తారు. వాళ్లకు చీర ఇచ్చే ముందు మీరే ఒక పోగు లాగి రుద్ది చూడండి. వెండి అని తేలితే, అంచు గట్టిగా ఉన్నంతవరకు కత్తిరించి మగ్గం దుకాణానికి తీసుకెళ్లండి. చేతుల చివర, వీపు మీద అతికి చుట్టూ కుట్టు వేస్తే కొత్త జాకెట్టుకు అసలు జరీ వస్తుంది. దానికి అయ్యేది కూలి మాత్రమే.