ఫోన్ ఆటలో మార్కులెవరికి?

ఆట అందరిదీ అంటారు. బరి గీసిందెవరు, లెక్క పెట్టేదెవరు అని మాత్రం అడగరు. చదువును మొబైల్ ఆటగా మార్చామని సంబరపడేవాళ్లను మనం ముందు అడగాల్సింది ఇదే.

గూగుల్ 2019లో 'బోలో' అనే చదివించే యాప్ తెచ్చింది. 2020లో అది 'రీడ్ అలాంగ్'గా పేరు మార్చుకునేనాటికి అందులో తెలుగు కూడా ఉంది. పిల్ల కథను బిగ్గరగా చదివితే ఫోన్ వింటుంది, తప్పు దిద్దుతుంది, నక్షత్రాలిస్తుంది. ఆటా, పాఠమూ, పరీక్షా ఒక్కటే.

ఇందులో మేలేం లేదనడం మొండితనం. అక్షరం రాని అమ్మానాయినల ఇంట్లో తప్పు దిద్దే గొంతు ఒకటి దొరికింది. అది కులం అడగదు, వెనక బెంచీకి పంపదు. పదిసార్లు తప్పు చదివినా నలుగురిలో నవ్వదు. ఈ పాటి మర్యాద మన పిల్లలకు ఎన్ని బడుల్లో దొరికింది?

మార్కు దగ్గరికొచ్చేసరికే కథ మారుతది. చౌటుప్పల్‌నే తీసుకోండి. హైవే పక్క కంపెనీలో షిఫ్టుకు పోయే నాయిన జేబులోనే ఇంట్ల ఉన్న ఒక్క ఫోనూ పోతది. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణ బడుల పాఠాలు టీవీకీ ఫోన్‌కూ ఎక్కినప్పుడే ఈ సంగతి బయటపడింది. రాత్రి ఫోన్ ఇల్లు చేరినంక అరగంట ఆడే పిల్లకూ, సొంత ట్యాబ్ మీద మూడు గంటలు ఆడే పిల్లకూ నక్షత్రాలు ఒక్కతీరుగ ఎట్ల వస్తయి? ఆ అంకె చూసి రేపు టీచర్ 'స్లో లర్నర్' అని రాస్తే, అది పాత మెరిట్ వాదమే.

ఇక భాష. 'వస్తున్నాడు' అని అచ్చులో ఉన్నదాన్ని పిల్ల 'వస్తుండు' అని చదివిందనుకుందాం. అర్థమైంది గనకనే తన మాటలోకి మార్చుకుంది. వాడ భాష తెలిసిన టీచర్ శెభాష్ అంటడు. అచ్చుమాటతో సరిచూసే యంత్రానికి అది తప్పే.

పల్లె పిల్లల ఆటలను చూసి ఫోన్ ఆటలు తయారుచేయాలని మాథ్యూ కామ్ బృందం 2009లోనే పరిశోధన ప్రచురించింది. మంచిదే. కానీ పల్లె అంటే ఊరా, వాడా? ఇట్లాంటి ఆటలు తయారుచేసే ప్రతివాళ్లూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలె.

ఫోన్ వద్దనడం లేదు. అది బడి సొత్తు కావాలె. ఆడే సమయం బడివేళల్లో అందరికీ సమానంగా ఉండాలె. మార్కును టీచర్ చెవులారా విని వేయాలె. కథలూ మాటలూ వాడ నుంచి కూడా రావాలె. అప్పటిదాకా ఈ ఆటలో మన పిల్లలు అరటిపండ్లే.