తాడు పట్టి లాగే చేతులు

పెద్ద అలల సర్ఫింగ్ డాక్యుమెంటరీల్లో అందరి చూపూ పలక మీద నిలబడ్డవారి మీదే ఉంటుంది. జెట్ స్కీ నడిపేవారి పనితనం అంతకు తక్కువదేమీ కాదు. పోర్చుగల్‌లోని నజారే ఎదుట సముద్రగర్భంలో లోతైన లోయ ఉంది. శీతకాలపు అట్లాంటిక్ అలలు అక్కడ అంత ఎత్తు లేవడానికి అదే కారణం. 2020 అక్టోబరులో సర్ఫర్ సెబాస్టియన్ స్టాయిడ్ట్‌నర్ అక్కడ ఎక్కిన అల ఎత్తు 86 అడుగులు. అంత వేగంగా కదిలే అలను చేతులతో ఈదుతూ అందుకోవడం చాలా కష్టం. అందుకే సర్ఫర్‌ను జెట్ స్కీకి కట్టిన తాడుతో లాగి, అల లేచే చోట, లేచే క్షణాన వదులుతారు.

డ్రైవరుకు అసలు పరీక్ష ఆ తర్వాతే. పడిన మనిషి నురుగులో ఎక్కడ తేలతాడో ముందే అంచనా వేయాలి. వెనక మరో అల వస్తూనే ఉంటుంది, చేతిలో ఉండేది కొద్ది సెకన్లు. గాలి నిండిన నురుగులో జెట్ స్కీకి పట్టు చిక్కదు. అయినా డ్రైవరు పక్కకు వచ్చి వేగం తగ్గిస్తాడు. జెట్ స్కీ వెనక కట్టిన స్లెడ్డు పిడులను సర్ఫర్ దొరకబుచ్చుకుని దాని మీద బోర్లా పడగానే డ్రైవరు దూసుకుపోతాడు. 'హండ్రెడ్ ఫుట్ వేవ్' డాక్యుమెంటరీ సిరీస్‌లో ఈ పనిని తీరిగ్గా చూపించడం మెచ్చుకోదగ్గది. 2013లో నజారేలోనే పడి స్పృహ తప్పిన సర్ఫర్ మాయా గబేరాను ఒడ్డుకు లాగింది, ఆమెను అలలోకి తెచ్చిన కార్లోస్ బుర్లేనే.