రెండో తూటా సంగతి

నకిరేకల్ చుట్టుపక్కల పాతతరం వాళ్లకు తుపాకీ అంటే మొదట గుర్తొచ్చేది భర్మారు. గొట్టం మూతిలోంచి తుపాకీ మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుండ్లో ఇనుప ముక్కలో వేసి, గజంతో దట్టించి పేల్చే తుపాకీ. గడీల్లో ఉండేది, పంట కాపలాకు చెల్కల వెంట తిరిగేది. 1946 తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతికీ వచ్చింది. దగ్గర్నుంచి తగిలితే దాని దెబ్బ చిన్నదేమీ కాదు. దాని దరిద్రమంతా ఆ తర్వాతే. మళ్లీ మందు పోసి దట్టించేదాకా ఎదుట ఉన్నది పందైనా, పోలీసైనా ఆగదు కదా. దళాలకు త్రీనాట్‌త్రీ రైఫిల్ మీద అంత మోజు ఎందుకంటే దాని దూరం ఒక కారణం, గొళ్లెం లాగి తోస్తే రెండో తూటా సిద్ధంగా ఉండటం ఇంకో కారణం. నా దృష్టిలో రెండోదే పెద్ద కారణం.

వేట రైఫిల్ మాట వస్తే మనవాళ్లు ముందు తూటా ఎంత పెద్దదని అడుగుతారు. నేను రెండో తూటా గురించి అడుగుతాను. అది గొట్టంలోకి ఎక్కేలోపు భుజం మీది తుపాకీ దిగాలా, కన్ను గురి తప్పాలా? ఈ లెక్క పెట్టుకుని పక్కపక్కన పెట్టి చూడదగ్గ రైఫిళ్లు రెండు. రెండూ వేట కథలు రాసిన వేటగాళ్లవే: ఒకటి కెన్నెత్ ఆండర్సన్‌ది, రెండోది జిమ్ కార్బెట్‌ది.

ఆండర్సన్ మనకు దగ్గరివాడే. 1910లో సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టాడు, బెంగళూరులో బతికాడు. చిత్తూరు జిల్లా చామల లోయ, నల్లమలలో దిగువమెట్ట, చెలమ స్టేషన్ల చుట్టూ ఉన్న అడవి ఆయన కథల్లో కనబడతాయి. ఆయన చేతిలో ఉన్నది లివర్ యాక్షన్ తుపాకీ, వించెస్టర్ 1895 మోడల్. జాన్ బ్రౌనింగ్ గీసిన నమూనా. అందులో ఆయన వాడింది 1904లో వచ్చిన .405 తూటా: 300 గ్రెయిన్ల మొద్దు గుండు, సెకనుకు దాదాపు 2,200 అడుగుల వేగం. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ సింహాల కోసం ఆఫ్రికాకు మోసుకెళ్లింది కూడా ఈ జతనే.

కార్బెట్ రైఫిల్‌ది వేరే వంశం. చంపావత్ నరభక్షి పులిని చంపినందుకు 1907లో ఆయనకు కానుకగా వచ్చిన రిగ్బీ. మౌజర్ పద్ధతి బోల్టు, .275 తూటా. అంటే 7×57 మౌజరే, ఇంగ్లండు పేరు పెట్టుకుంది. సన్నటి 140 గ్రెయిన్ల గుండు. భుజాన్ని పెద్దగా తన్నదు, చాలా దూరం దాకా తిన్నగా పోతుంది. .405 తన్నుడుకు భుజం కమిలిపోవాల్సిందే. నూట యాభై, రెండు వందల గజాలు దాటితే దాని మొద్దు గుండు కిందికి జారడం మొదలుపెడుతుంది.

కాగితం మీద చూస్తే కార్బెట్ గెలిచినట్టే. కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఒక వాలు మీది నుంచి ఎదుటి వాలు మీది జంతువును కొట్టాల్సి వస్తుంది. అక్కడ సన్న గుండుకు తిరుగులేదు. 1926లో రుద్రప్రయాగ చిరుతను చీకట్లో, టార్చి వెలుగులో, ఒక్క గుండుతో పడగొట్టింది ఆ .275తోనే. కానీ నల్లమల వెదురు పొదలో నలభై అడుగుల అవతల ఏముందో కనబడదు. గాయపడ్డ చిరుత దూకితే రెండో గుండు వేయడానికి ఒక్క క్షణమే దొరుకుతుంది. బోల్టుకైతే కుడి చేతిని ట్రిగ్గర్ మీంచి తీసి పిడి ఎత్తాలి, లాగాలి, తోయాలి, దించాలి. లివర్‌కు చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. వేళ్లు దూర్చిన కొక్కెం కిందికి, పైకి ఒక్క ఊపు. పేలిన తూటా తొడుగు ఎగిరిపడుతుంది, కొత్త తూటా ఎక్కుతుంది, తుపాకీ భుజం దిగదు. కార్బెట్‌కు ఈ లోటు తెలియకపోలేదు. పులి దగ్గరికి వెళ్లేటప్పుడు చాలాసార్లు రెండు గొట్టాల .450/400 పట్టుకెళ్లేవాడు. అంటే రెండో తూటాకు ఆయన ఇంకో తుపాకీ మోశాడు, ఆండర్సన్‌కు ఒక్కదానితోనే సరిపోయింది. మన అడవికి ఆండర్సన్ ఎంపికే మేలు అంటాను. అయితే మార్కు వేసేది లివర్‌కే, .405కు కాదు. దుప్పికీ పందికీ ఆ తూటా దండగ. పైగా 1895 మోడల్ తయారీ ఆగిపోయాక దానికి తూటాలు దొరకడమే గగనమైంది.

లివర్‌కు చిక్కులు లేవని కాదు. నేల మీద బోర్లా పడుకుని కాల్చబోతే కొక్కెం మట్టికి తగులుతుంది. తూటా గొట్టం లోపల బిగుసుకుంటే బోల్టు ఊడబెరికినంత బలంగా లివర్ లాగలేదు. అన్నిటికన్నా పెద్దది మ్యాగజైన్ గొడవ. 1894 వించెస్టర్, దాని తర్వాత వచ్చిన చాలా లివర్ రైఫిళ్లలో తూటాలు బారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. గుండు ముక్కు కోసుగా ఉంటే ముందున్న తూటా అడుగున పేలే బిళ్లకు ఆనుతుంది, ఒక్క కుదుపు చాలు. అందుకే వీటికి చదును ముక్కు గుండ్లు, ఈ మధ్య మెత్తని ప్లాస్టిక్ మొన ఉన్నవి వాడతారు. 1895 మోడల్‌కు పెట్టె మ్యాగజైన్ ఉండటంతో ఆ బెంగ లేదు.

ఈ లెక్క ఇవాళ నిజంగా పనికొచ్చేది అమెరికాలో ఉన్న మన పిల్లలకు. టెక్సస్‌లో ప్రైవేటు భూముల్లో అడవి పందుల వేటకు 2019 నుంచి ఆ రాష్ట్రం వేట లైసెన్సు అడగడం లేదు. ఇది విని హెచ్‌-1బీ మీదో, ఎఫ్‌-1 మీదో ఉన్న కుర్రాడు సంబరపడితే ఇరుక్కుంటాడు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఆ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. పందికి అక్కర్లేని కాగితం మనవాడికి అక్కరపడుతుందన్నమాట.

కాగితాలు సరిపోయాక దుకాణంలో లివర్ రైఫిళ్ల వరసలో అటు .30-30, ఇటు .45-70 ఊరిస్తుంటాయి. నా ఓటు .30-30కే. 1895లో వచ్చిన తూటా, 150 గ్రెయిన్లు, సెకనుకు 2,400 అడుగులకు కొంచెం తక్కువ. ముళ్లకంపలో నూరు గజాల లోపల పందికీ జింకకూ చాలు, భుజం అలవాటు పడుతుంది, రెండో గుండు గురి చెదరకుండా వెళ్తుంది. .45-70 పుట్టింది 1873లో, అమెరికా సైన్యం కోసం. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల దానికి పని ఉంది. టెక్సస్‌లో దాన్ని కొనేవాళ్లలో చాలామంది తూటా లావు చూసి మురిసి కొంటారని నా అనుమానం. తూటా ఖరీదు చూసుకుని తర్వాత బీరువాలో పెడతారు. స్కోప్ బిగించాలనుకుంటే మార్లిన్ 336 నయం, పేలిన తూటా తొడుగు పక్కకు ఎగురుతుంది. పాత వించెస్టర్ 1894లో నెత్తి మీదికి ఎగరడంతో స్కోప్ అడ్డం. డబ్బాలూ ఇనుప పలకలూ కొడుతూ సరదాగా గడపడానికే అయితే .357 లివర్ తీసుకుని అందులో చవకైన .38 స్పెషల్ తూటాలు వేసుకోవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాల్చినా భుజం నొప్పెట్టదు.

నకిరేకల్‌లో ఉన్నవాళ్ల మాటేమిటి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపు మూసింది. బత్తాయి తోటలో, వేరుశనగ చెల్కలో పంది ఎంత పాడుచేసినా దాన్ని కాల్చాలంటే అనుమతి ఉండాలి. రాత్రిపూట కరెంటు తీగలు పరిచే వాళ్లు చట్టాన్నీ పక్క చేనువాడి ప్రాణాన్నీ కలిపి తొక్కుతున్నారు. లైసెన్సు ఉన్నవాడికీ త్రీనాట్‌త్రీ నిషిద్ధ బోరు. మామూలుగా మిగిలేది ఈషాపూర్ కర్మాగారం .315 బోల్టు రైఫిలో, 12 బోరో. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణతో ఒకరికి రెండు తుపాకుల కన్నా ఎక్కువ ఉండకూడదు.

కాల్చే సరదాకు మాత్రం దారి ఉంది. 20 జౌళ్ల లోపు .177 ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం కొట్టింది ఆ 4.5 మిల్లీమీటర్ల బోరుతోనే, పది మీటర్ల దూరంలో. అక్కడ పది పాయింట్ల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు. దాని ముందు .405 మొరటుగా కనిపిస్తుంది. ఆ ఆటలో ఒక్కో గుండు చేత్తో ఎక్కించుకోవాలి, నేను ఇంతసేపూ పట్టుబట్టిన రెండో తూటాకు అక్కడ తొందరే లేదు.