పళ్ళ మీది బంగారం

బారీ జెంకిన్స్ తీసిన ‘మూన్‌లైట్’ (2016) గురించి మాట్లాడే చాలామంది ఈత నేర్పే సీన్ దగ్గర ఆగుతారు. హువాన్ ఆ పిల్లాడి తల కింద చెయ్యి పెట్టి సముద్రంలో తేలడం నేర్పుతాడు. నాకూ ఇష్టమే ఆ సీన్. కానీ మొన్న మూడోసారి చూసినప్పుడు నా చూపు కారు డాష్‌బోర్డు మీదున్న చిన్న కిరీటం బొమ్మకి అతుక్కుపోయింది.

కథ మయామీలోని లిబర్టీ సిటీలో మొదలవుతుంది. జెంకిన్స్, మూలకథ రాసిన టరెల్ ఆల్విన్ మెక్‌క్రేనీ ఇద్దరూ పెరిగిన పేట అది. పిల్లాడి పేరు షైరోన్. వాడి నడక, మెత్తదనం చూసి తోటి పిల్లలు వెంటపడి కొడుతుంటారు. తల్లి క్రాక్‌కి బానిస. వాణ్ణి చేరదీసిన హువాన్ బతుకుతెరువు ఆ క్రాక్ వ్యాపారమే. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర పిల్లాడు అడిగేస్తాడు: నువ్వు మత్తుమందు అమ్ముతావా? మా అమ్మ తీసుకుంటుందా? హువాన్ అబద్ధం చెప్పడు. పిల్లాడు లేచి వెళ్ళిపోతాడు. హువాన్ తల వంచుకుని ఉండిపోతాడు. క్షమించడమూ శిక్షించడమూ సినిమా తన పనిగా పెట్టుకోలేదు.

మూడో భాగానికి షైరోన్ ‘బ్లాక్’ అయ్యాడు. జైలు చూసొచ్చి అట్లాంటాలో మత్తుమందు అమ్ముతున్నాడు. కండలు తిరిగిన ఒళ్ళు, పళ్ళకి బంగారు తొడుగు, కారులో కిరీటం. మొదటి సీన్లో హువాన్ కారులో ఉన్నది కూడా అలాంటి కిరీటమే. లోపలి మెత్తదనాన్ని దాచుకునే కవచం ఇదంతా అని అనడం మామూలైపోయింది. నాకది సగమే నిజం అనిపిస్తుంది. హువాన్ చావుని సినిమా మనకి చూపించదు. తనని ప్రేమించిన ఒకే ఒక్క మగాడి దగ్గర్నుంచి వీడికి మిగిలిందేంటి? తల కింద పెట్టిన చేతిని తొడుక్కోలేం. కారునీ కిరీటాన్నీ తొడుక్కోవచ్చు. చనిపోయిన నాన్న చొక్కా వేసుకున్నట్టు బ్లాక్ హువాన్‌ని వేసుకున్నాడు. ఆ వీధి ఒప్పుకునే వేషం కూడా అదొక్కటే మరి.

అదే ఏడాది డెంజెల్ వాషింగ్టన్ ‘ఫెన్సెస్’ తీశాడు, ఆగస్ట్ విల్సన్ నాటకం నుంచి. 1950ల పిట్స్‌బర్గ్, చెత్త బండి మీద పనిచేసే ట్రాయ్. నల్లవాళ్ళకి మేజర్ లీగ్ తలుపులు తెరుచుకునేసరికి ఇతని బేస్‌బాల్ వయసు దాటిపోయింది. నేనంటే నీకెందుకు ఇష్టం లేదని కొడుకు అడిగితే, తిండీ బట్టా నా బాధ్యత, ఇష్టపడాలని ఎక్కడుంది అని కసురుకుంటాడు. కాలేజీ రోజుల్లో నాటకం చదివి ట్రాయ్‌ని రాక్షసుడన్నాను. ఇప్పుడనలేను. దేశం అన్ని దారులూ మూసేశాక, శుక్రవారం జీతం తెచ్చి భార్య చేతిలో పెట్టడమే అతనికి మిగిలిన మగతనం. అయినా సినిమాలో ట్రాయ్ గొంతే ఇల్లంతా నిండిపోయి కొడుకుకి చోటు లేకుండా పోయిందనిపించింది. జెంకిన్స్ దీనికి పూర్తిగా ఎదురు. అతని కుర్రాడు మాట్లాడడు, మనమే దగ్గరికి జరిగి వినాలి.

“మగాడివయ్యుండి ఏడుస్తావేంట్రా” అన్న మాట మనకీ తెలుసు కదా అని పోల్చబోయి ఆగాను. షైరోన్ తనని కొట్టించినవాడి మీద కుర్చీ విరగ్గొడితే పోలీసులు బేడీలేసి తీసుకెళ్తారు. నేను హైస్కూల్లో కొట్టుకున్నప్పుడు హెడ్మాస్టరు మా నాన్నని పిలిపించారు, అంతే.

ఇంతా చేసి నాకు ఎక్కువ గుర్తుండేది కెవిన్. ఒకప్పుడు పక్కవాళ్ళు ఎగదోస్తే షైరోన్‌ని కొట్టిన స్నేహితుడు, వాడికి ప్రేమంటే తెలిసింది కూడా అతని దగ్గరే. అతనూ జైలుకెళ్ళొచ్చాడు. ఇప్పుడు మయామీలో చిన్న హోటల్లో వంటవాడు, ఒక కొడుకున్నాడు. ఏళ్ళ తర్వాత ఫోన్ చేస్తే బ్లాక్ అట్లాంటా నుంచి కారేసుకుని వచ్చేస్తాడు. కెవిన్ స్వయంగా వండి అన్నం, నల్ల బీన్స్, చికెన్ తెచ్చి ముందు పెడతాడు. ఎదురుగా కూచుంటాడు. బ్లాక్ పళ్ళ మీది బంగారం తీసి పక్కన పెడతాడు. అది పెట్టుకుని తినలేడు కదా.