మరునాటి లోకం

అణుయుద్ధానంతర ప్రపంచాన్ని చిత్రించే కల్పనా సాహిత్యాన్ని పరిశీలించే విమర్శకునికి మొదట తోచే ప్రశ్న కాలానికి సంబంధించినది. విస్ఫోటనం జరిగిన ఎంత కాలానికి కథ ఆరంభమవుతున్నది? ప్రశ్న సామాన్యమైనదే. కాని రచయిత దృష్టి యావత్తూ దీనిలోనే ఇమిడి ఉన్నది. నెవిల్ షూట్ 1957లో ప్రకటించిన 'ఆన్ ది బీచ్' నవలలో చిన్న దేశాల కలహం మహాయుద్ధమై ఉత్తరార్ధగోళాన్ని నిర్జీవం చేస్తుంది. విషధూళి మెల్లమెల్లగా దక్షిణానికి వ్యాపించగా మెల్‌బోర్న్ ప్రజలు తమ వంతు కొరకు వేచి ఉంటారు. వాల్టర్ మిల్లర్ నవల 'ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్' యుద్ధం ముగిసిన ఆరు శతాబ్దాలకు, ఎడారిలోని ఒక మఠంతో ఆరంభమవుతుంది. రెండూ గొప్ప రచనలే. అయితే మొదటిదానిలో మనుష్యులకు మరునాడు లేదు. రెండవదానిలో ఆ మరునాడు ఎన్నడో గడచిపోయినది. ఊరు విడిచినవారు ఎక్కడికి పోయినారు, వారిని ఎవరు చేరనిచ్చినారు, ఎందరు తిరిగివచ్చినారు అన్న ప్రశ్నలు ఈ రెండు ధ్రువాల నడుమ జారిపోయినవి.

ప్రాంతీయ అణుయుద్ధాన్ని వస్తువుగా గ్రహించిన రచయితకు ఈ ప్రశ్నలే ప్రాణం. ఇరుగుపొరుగు దేశాలు రెండు పోరాడి ధ్వంసమైనవనుకొందాము. తక్కిన ప్రపంచం నిలిచే ఉంటుంది. ఓడలు నడుస్తూనే ఉంటవి. ఒక దేశం ధాన్యం పంపుతుంది, మరొక దేశం సరిహద్దు మూసివేస్తుంది. కాబట్టి ప్రళయవర్ణన ఇక్కడ పొసగదు. అట్లని, బాంబు పడని చోటు క్షేమమని తలచుటయు పొరపాటే. దక్షిణాసియాలో హిరోషిమా ప్రమాణం గల 100 బాంబులు పేలినచో 50 లక్షల టన్నుల మసి ఆకాశానికి ఎగసి, భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.25 డిగ్రీలు తగ్గుననీ, వర్షాలు క్షీణించుననీ, ఆ ప్రభావం సుమారు పదేండ్లు ఉండుననీ 2007లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టినారు. భారత, పాకిస్తానుల మధ్య ఇంకను పెద్ద యుద్ధం జరిగినచో లోకంలో 200 కోట్లకు మించిన జనం తిండి లేక మరణించవచ్చునని 2022నాటి మరొక పరిశోధన తెలిపినది. మసి ఎంత పరిమాణంలో, ఎంత ఎత్తుకు చేరునన్న విషయంలో వారిలో భేదాభిప్రాయాలు లేకపోలేదు. ఏమైనను, లోకం అంతరించలేదన్న సత్యాన్నీ, లోకంలో ఏ మూలా మునుపటివలె లేదన్న సత్యాన్నీ రచయిత ఒక్కచేతనే పట్టుకొనవలసి ఉన్నది.

మన సాహిత్యానికి ఈ కష్టం క్రొత్తది కాదు. బ్రహ్మాస్త్రమే అణుబాంబని వాదించి సంతోషించేవారు కొందరున్నారు. ఆ వాదం వలన చరిత్రకు గాని సాహిత్యానికి గాని ఒరిగేదేమీ లేదు. భారతం నుండి ఈ విషయంలో నేర్వదగినది ఆయుధవర్ణన కాదు, అనంతరకథ. సౌప్తికంతో సంహారం ముగిసిన తరువాత మహాభారతంలో ఇంకా ఎనిమిది పర్వాలు మిగిలి ఉన్నవి. విరాటపర్వం మొదలు కడవరకు తెనిగించిన తిక్కన ఆ భారమంతా వహించినాడు కనుక, యుద్ధం కంటె యుద్ధశేషం దీర్ఘమైనదన్న సంగతి తెలుగు పాఠకునికి సుపరిచితమే. మౌసలపర్వాన్ని ఈ దృష్టితో చదివి చూడవలెను. కురుక్షేత్రం ముగిసిన 36 ఏండ్లకు, రణభూమికి ఎంతో దూరాన సముద్రతీరంలో ఉన్న ప్రభాసతీర్థంలో, సాత్యకీ కృతవర్మా పాత యుద్ధంలో ఒకరు చేసిన అధర్మాన్ని మరొకరు ఎత్తిపొడుచుకొంటారు. ఆ మాటల నుండే యాదవవినాశం పుడుతుంది. మిగిలిన స్త్రీలను, బాలవృద్ధులను వెంటబెట్టుకొని అర్జునుడు బయలుదేరుతాడు. దారిలో దొంగలు మీద పడుతారు. గాండీవం మాట వినదు. అస్త్రమంత్రాలు జ్ఞాపకం రావు. జగదేకవీరుడు కర్రలు పట్టిన దొంగలను ఆపలేకపోవడం కంటె యుద్ధానంతర స్థితికి గొప్ప చిత్రణ వేరొకటి కానరాదు.

హిందీలో ధర్మవీర్ భారతి ఈ సామగ్రినే గ్రహించి 1954లో 'అంధా యుగ్' ప్రకటించినాడు. యుద్ధపు 18వ నాటి సాయంకాలం నుండి శ్రీకృష్ణుని అవసానం వరకు సాగే ఆ కావ్యనాటకంలో ప్రహరులు ఇరువురున్నారు. కాపాడవలసినది ఏదియు మిగలని అంతఃపురాన్ని వారు కాపలా కాస్తూ ఉంటారు. గెలిచినవారికీ ఓడినవారికీ వేదాంతం ఉన్నది. వీరికి ఉన్నది ఉద్యోగం మాత్రమే. జపాను రచయిత ఇబుసె మసుజి 1965, 66 సంవత్సరాలలో పత్రికాముఖంగా వెలువరించిన 'కురోయి అమె' లేక 'నల్లవాన' నవలలో హిరోషిమా దుఃఖమంతా ఒక ఇంటి సమస్యగా రూపొందుతుంది. యసుకో అనే కన్యకు వ్యాధి సోకినదన్న వదంతి వలన పెండ్లి సంబంధాలు కుదరవు. ఉత్తరాగర్భంపై ప్రయోగింపబడిన అస్త్రాన్ని ఎరిగిన పాఠకునికి ఈ భయం వేరే వివరింపనక్కర లేదు.

పూర్వ గ్రంథాల తరువాత కల్పనకు కావలసిన రెండవ ఆధారం ప్రత్యక్షానుభవం. అణుయుద్ధం మన దేశానికి అనుభవం కాలేదు, కాకుండు గాక! కాని భయంతో ఒక మహానగరం నాలుగు రోజులలో ఖాళీ అయిన అనుభవం మనకున్నది. సూరత్ నగరపు ఉత్తరభాగంలో, తాపీ నది చేరువను ఉన్న కతర్‌గామ్ వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకు, మరమగ్గాలకు నెలవు. 1994 సెప్టెంబరులో, వరదనీరు తీసిన పిమ్మట, కతర్‌గామ్, వేద్ రోడ్డు ప్రాంతపు పేదపేటలలో ప్లేగు తలయెత్తినది. మృతులు సుమారు 50 మంది. ఊరు విడిచినవారు కొన్ని లక్షలు. వైద్యులు పలువురు తామే వెళ్లిపోయినారు. దూరపు స్టేషనులలో సూరత్ ప్రయాణికులను దింపి పరీక్షించినారు. విదేశాలు కొన్ని విమానాలను నిలిపివేసినవి. వ్యాధి కంటె వదంతి ఎంతో ముందు ప్రయాణించినది. 

తరువాతి అధ్యాయం మరింత గమనింపదగినది. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను గదులలో నుండి వీధులలోకి నడిపించినాడు. రాత్రివేళ వీధులు ఊడ్పించినాడు. ఏడాది రెండేండ్లలోనే సూరత్ దేశంలోని పరిశుభ్రనగరాలలో రెండవదిగా పేరొందినది. అనంతరలోకపు కథానాయకుడు ఖడ్గధారియే కానక్కర లేదు, చీపురు పట్టిన పారిశుధ్య కార్మికుడు కావచ్చునని ఈ నగరం నిరూపించినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఈ ఉదాహరణ వలన అణుయుద్ధం కూడ ఓర్చుకొనదగిన ఉపద్రవమే అన్న భ్రాంతి కలుగదా? కలుగును, ఉదాహరణను ఉన్నదున్నట్లు అనుకరించినచో. సూరత్ ఎందువలన కోలుకొన్నదో విచారించవలెను. పారిపోయినవారికి పల్లెలున్నవి, పల్లెలలో ధాన్యమున్నది. టెట్రాసైక్లిన్ మాత్రలు బయటి నుండి వచ్చినవి. నగరం వెలుపల రాష్ట్రం, రాష్ట్రం వెలుపల దేశం చెక్కుచెదరక నిలిచినవి. ముడివజ్రం విదేశాల నుండి రావడం, సానపట్టినది తిరిగి వెళ్లడం ఆగలేదు. ఆ రాకపోకలు మందగించినంత మాత్రాన ఏమగునో 2008 చివర పాశ్చాత్య దేశాల ఆర్థికమాంద్యం చూపినది. ఒక్క తుపాకి పేలకుండగనే వేలాది పనివారు ఉపాధి కోల్పోయి సౌరాష్ట్రలోని స్వగ్రామాలకు మరలినారు. రచయిత చేయవలసినది ఈ ఆధారాలను ఒక్కొక్కటే తొలగించి చూచుట. మందు రాదు, ముడివజ్రం రాదు, పల్లెకు చేరినవానికి అక్కడ వాన రాదు. ప్రతి తొలగింపు తరువాత మనుష్యుడు ఏమి చేయునో వ్రాయవలెను. అప్పుడు అణుయుద్ధపు భయంకరత్వం వర్ణన వలన గాక లెక్క వలన తేలుతుంది. ప్రళయవర్ణన పాఠకునికి ఒక విధమైన ఓదార్పు: అందరూ పోయినచోట బాధ్యత వహించేవాడు ఉండడు. ఈ లెక్క అట్టి ఓదార్పు నీయదు.

సూరత్‌లోని లింబాయత్ వంటి పేటలలో తెలంగాణ నుండి వలసవచ్చిన పద్మశాలీ కుటుంబాలు మగ్గాలపై జీవిస్తున్నవి. నగరపాలక సంస్థ తెలుగు బడులు కూడ నడుపుతున్నది. అణుయుద్ధానంతర లోకాన్ని తెలుగులో కల్పింపబూనిన రచయిత శిథిలమైన న్యూయార్కును అరువు తెచ్చుకొననక్కర లేదు. అట్టి ఒక నేతకుటుంబాన్ని ఎన్నుకొని, బాంబు ఎక్కడో దూరాన పడినదని ఊహించి, ఒక్క ప్రశ్న వేసుకొనిన చాలును: మూటలు కట్టుకొన్న ఆ కుటుంబం ఏ రైలు ఎక్కవలెను? నల్లగొండ చేరినచో అక్కడి చెరువులో నీరున్నదా? ఈ ప్రశ్నకు నిజాయితీతో సమాధానం వ్రాయగలిగిన నవల ఆయుధాన్ని ఒక్కసారియైనను వర్ణించకుండగనే దానిపై తీర్పు చెప్పగలదు.