పెరట్లో ఏ పూలచెట్టు?

నర్సరీలో ఏ మొక్కయినా రెండడుగులే ఉంటుంది. నల్ల పాలిథిన్ కవర్లలో అన్నీ ఒకే ఎత్తున, ఒకే వరసలో నిలబడతాయి. వంద అడుగుల దాకా ఎదగగల సంపెంగా అందులోనే ఉంటుంది, ఆరేడు అడుగుల దగ్గర ఆగిపోయే నందివర్ధనమూ అందులోనే ఉంటుంది. కొనేవాళ్ల చెయ్యి మాత్రం ఆ రోజు నాలుగు పూలు పూసి ఉన్న మొక్క మీదికే పోతుంది. ఆ పూలు చూసి తెచ్చుకున్నదే పదేళ్లకు ప్రహరీని నెట్టి, కరెంటు తీగలను అందుకుని, చివరికి గొడ్డలి పాలవుతుంది. కొట్టించడమూ అంత తేలిక కాదు. 2002 నాటి వాల్టా చట్టం వచ్చాక సొంత స్థలంలో చెట్టుకైనా చాలా సందర్భాల్లో అనుమతి తీసుకోవాలి.

రాజమహేంద్రవరం పక్కన కాలువ నీళ్ల ఆధారంగా కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక ఊళ్లు దేశమంతటికీ మొక్కలు పంపుతున్నాయి. అక్కడ అమ్మేవాళ్లకు ఏ మొక్క ఎంత చెట్టవుతుందో బాగా తెలుసు. అడిగితే చెబుతారు కూడా. అడిగేవాళ్లే తక్కువ. ఎంత ఎత్తు పోతుంది, గొడుగు ఎంత విప్పుతుంది, ఏ నెలలో ఆకు రాలుస్తుంది, ఇది విత్తనం మొక్కా అంటు మొక్కా... ఇవి అడగకుండా ధర అడగడం అనవసరం.

పాత తెలుగు పెరళ్లలో ఈ లెక్కలు ఎవరూ కాగితం మీద వేయలేదు గానీ, లెక్క ఉంది. ఆకు రంగు చూసి మొక్కను పెట్టేవారు కాదు. పూసే వేళను, పూసే నెలను చూసి పెట్టేవారు. పొద్దు వాలుతుంటే విచ్చుకోవడానికి చంద్రకాంత, దీపాల వేళకు మల్లె, సన్నజాజి, రాత్రికి పారిజాతం, తెల్లవారి దేవుడి పూజకు మందారం, గన్నేరు. ఎండాకాలమంతా మల్లె, వానలు పడ్డాక సంపెంగ, శ్రావణం నుంచి కార్తికం దాకా పారిజాతం, చలి ముదిరితే డిసెంబరాలు, చేమంతి. ఏడాదిలో ఏ నెలా పువ్వు కొనక్కర్లేకుండా గడిచేది. ఇప్పుడు కొత్త ఇళ్ల ముందు కనిపించే పచ్చగడ్డి, క్రోటన్లు, నాలుగు పామ్ చెట్లు పన్నెండు నెలలూ ఒకే తీరుగా ఉంటాయి. చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి, కాదనను. కానీ వాటిలో వాసన లేదు, కాలం మారిన గుర్తూ లేదు.

ఇక దూరాల సంగతి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చెట్టుకూ చెట్టుకూ నడుమ ఇరవై మూరలు ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమం అన్నాడు. మూరను అడుగున్నరగా తీసుకుంటే 30, 24, 18 అడుగులు. దగ్గర దగ్గరగా నాటితే వేళ్లు పెనవేసుకుని సరిగా కాయవన్న కారణం కూడా చెప్పాడు. ఇప్పుడు మన 200 గజాల స్థలం తీసుకోండి. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. ఇల్లు, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, బండి నిలిపే చోటు పోగా మిగిలేది ఒక్క చెట్టుకు సరిపడా జాగా. మిగతావన్నీ పొదలే కావాలి. కనుక ఆ ఒక్క చెట్టు ఏదన్నదే అసలు నిర్ణయం.

ముందు వద్దనుకోవలసినవి చెప్పుకుందాం. రావి, మర్రి, మేడి గుడికీ ఊరి చావడికీ అందం, ఇంటి పునాదికి శత్రువులు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఎర్ర తురాయి వేసవిలో కన్నుల పండుగే. అయితే వేళ్లు నేల పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు, గాలివాన వస్తే ముందు విరిగేది అదే. నాగమల్లి పువ్వు ఎంత అందమో, మొదలుకు వేలాడే బరువైన గుండ్రని కాయలు కింద నిలబడ్డవాళ్లకు అంత ప్రమాదం. ఏడాకుల పాలది ఇంకో కథ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను నేలమట్టం చేశాక, త్వరగా ఎదుగుతుందని దాన్ని అక్కడ విరివిగా నాటారు. చలికాలం మొదట్లో అది పూసినప్పుడల్లా ఆ ఘాటు భరించలేకపోతున్నామని నగరవాసులు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. కోనోకార్పస్ కూడా ఇలాగే, తొందరగా పచ్చబడుతుందని తెచ్చి రోడ్ల నిండా పెట్టిన చెట్టు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది. తొందరగా పెరగడం ఒక్కటే గుణంగా చెప్పి అమ్మే మొక్కను అనుమానించడం మంచిది.

అశోకం పేరుతో జరిగే పొరపాటు ఇంతకంటే పాతది. ప్రహరీ వెంట సైనికుల్లా నిటారుగా నిలబెట్టే చెట్టును అందరూ అశోకం అంటారు. అది నరమామిడి. దాని పూలు ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోతాయి, కనపడవు కూడా. అసలు అశోకం వేరు. మాఘ ఫాల్గుణాల్లో కొమ్మలకే అతుక్కుని నారింజ, ఎరుపు గుత్తులు పూస్తుంది, లేత ఆకులు రాగి రంగులో వేలాడతాయి. కొంచెం నీడ, తేమ ఉన్న నేల దానికి ఇష్టం. బెరడు కోసం అడవుల్లో కొట్టేయడం వల్ల అది తగ్గిపోతోంది. బావి పక్కనో స్నానాల గది నీళ్లు పోయే వైపో చోటుంటే అంతకు మించిన పూలచెట్టు లేదు. తెలంగాణ, రాయలసీమ మెరక నేలల్లో, మండే ఎండలో పెడితే మాత్రం ఏళ్ల తరబడి అలాగే గిడసబారి ఉంటుంది.

ఆ మెరక నేలలకు రేల ఉంది. వేసవి నడుమ ఆకు రాల్చి, చెట్టంతా పసుపు గెలలు దింపుతుంది. రాళ్ల నేలలో, తక్కువ నీటితో బతుకుతుంది. ముప్పై నలభై అడుగులు పోతుంది కాబట్టి గోడకు పదిహేను అడుగులైనా దూరం ఉండాలి. మూరెడు పొడవు కాయలు నేల మీద పడుతుంటాయి, ఊడ్చుకోవాలి. రాలేదాన్ని ఊడ్చే ఓపిక లేనివాళ్లు ఏ పూలచెట్టూ పెట్టకపోవడమే నయం.

పారిజాతానికి ఆ రాలడమే గొప్పతనం. కింద పడిన పువ్వును ఏరి పూజకు వాడుకోవడం ఒక్క పారిజాతానికే ఉన్న మర్యాద. అందుకే దాని మొదట్లో సిమెంటు పోయించరాదు. పూర్వం కళ్లాపి చల్లి ఉంచేవారు, ఇప్పుడు రాత్రి పడుకునే ముందు పాత చీర పరిస్తే సరిపోతుంది. పదిహేను అడుగులకు మించి పోనివ్వకుండా, పూత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ల మీద మళ్లీ నిండుగా పూస్తుంది. ఎండాకాలంలో ఆకు రాలి ఎండిన పుల్లలా కనపడుతుంది, చచ్చిపోయిందని పీకేయకండి. చెట్టు సత్యభామ పెరట్లో ఉంటే పూలు రుక్మిణి వాకిట్లో రాలాయన్న కథ అందరికీ తెలిసిందే. ప్రహరీకి ఆనించి నాటేవాళ్లు ఆ కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సంపెంగ దగ్గర అంటు, విత్తనం తేడా బాగా తెలుస్తుంది. విత్తనం మొక్క ఎనిమిది పదేళ్లు కాచుకుంటే గానీ పూయదు, పూసేసరికి మేడ దాటిపోయి పువ్వు అందదు. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది, అదుపులో ఉంటుంది. అంటు గుర్తు పట్టడం కష్టం కాదు. కాండం అడుగున అతుకు కనపడాలి. ఆ అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే మొదటి మొక్కే పైకి లేచి అంటు వెనకబడుతుంది. నీళ్లు నిలిచే నల్లరేగడిలో సంపెంగ వేళ్లు కుళ్లుతాయి. సింహాచలం సంపెంగలకు పేరు రావడంలో ఆ కొండవాలు నేలకు, నీరు నిలవకపోవడానికి వాటా ఉందనే నా నమ్మకం.

పొదల్లో ఎంపిక తేలిక, పోషణే ముఖ్యం. నీడ పడే ఉత్తరం పక్క సందుకు నందివర్ధనం చాలు, ముద్దదైనా రేకదైనా. నూరువరహాలు ఎర్రనేలలో ఏడాది పొడుగునా పూస్తుంది. సున్నం ఎక్కువున్న నల్లనేలలో ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందని లక్షణం, కాస్త అన్నభేది నీళ్లలో కలిపి ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది. మందారానికి పిండినల్లి పడుతుంది, లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు పొడి కలిపి చిగుళ్లు తడిసేలా కొట్టాలి. కాగితం పూలకు నీళ్లు ఎక్కువైతే ఆకే వస్తుంది. దాన్ని ఎండబెడితేనే పూస్తుంది.

మల్లెకు మాత్రం పెద్దవాళ్ల పద్ధతి నేర్చుకుని తీరాలి. చలికాలంలో నీళ్లు ఆపేసి, ఆకు దూసి, పొదను మోకాలి ఎత్తుకు కత్తిరించేవారు. రెండు మూడు వారాలు అలా ఆకలితో ఉంచి, పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండా నీళ్లు పెట్టేవారు. ఆ దెబ్బకు వచ్చిన ప్రతి చిగురుకూ మొగ్గే. కత్తిరించడానికి మనసొప్పక వదిలేసినవాళ్లకు పొద పెద్దదవుతుంది, మల్లెలు గుప్పెడే వస్తాయి.

గన్నేరు గురించి హెచ్చరిక అవసరం. ఎంత కరువునైనా తట్టుకుంటుంది, రోడ్ల నడుమ పెట్టేది అందుకే. కానీ ఆకు, పువ్వు, కాండం అన్నీ విషమే. పచ్చ గన్నేరు గింజ ఇంకా ప్రమాదం. పాకే పిల్లలు, మేకలు, ఆవులు ఉన్న ఇంట్లో దాన్ని పెట్టకూడదు. దాని బదులు తంగేడు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు కావలసిన పువ్వు, నీళ్లు పోయకపోయినా బతికే మొక్క. అయినా ఇంటి ముందు కనపడటం అరుదు. ఊరి బయట ఊరికే దొరుకుతుందన్న చిన్నచూపు కావచ్చు. తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి పీకి తెచ్చి నాటితే పట్టదు, విత్తనం నేలలోనే వేసుకోవాలి.

దిక్కుల గురించి వాస్తు చెప్పే మాట ఒకటి ఎండ లెక్కకూ సరిపోతుంది. పెద్ద చెట్లు దక్షిణ, పడమరలకు, చిన్నవి తూర్పు, ఉత్తరాలకు అంటారు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, గోడలను కాల్చేది మూడు దాటాక పడమటి నుంచి వచ్చే ఎండే. కాబట్టి చెట్టుకు మొదటి చోటు పడమర. అక్కడ ఏడాదంతా ఆకు నిలిచేదైతేనే ఉపయోగం. దక్షిణం గురించి అంత పట్టింపు అక్కర్లేదు.

నాటడానికి తొందర వద్దు. రోహిణి కార్తెలోనే గుంట తీసి ఎండబెట్టాలి. చెట్టుకు మూడడుగుల గుంట, పొదకు అడుగున్నర, రెండడుగులు. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోసి, పూడ్చేటప్పుడు పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి అడుగున వేయాలి. కవరు కోశాక వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే వాటిని విడదీసి, చుట్టలను తెంపేయాలి. అలాగే దింపితే చెట్టు ఆ చుట్టలోనే తిరిగి గాలికి పడిపోతుంది. ఊతకర్ర ఏడాది దాటాక తీసేయాలి. దేవగన్నేరుకు ఇదేమీ వర్తించదు. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరేదాకా వారం పది రోజులు నీడలో పడేసి, పొడి నేలలో గుచ్చితే చాలు. దాన్ని చంపేది అతిగా పోసే నీళ్లే.

ఎరువుల పాఠం కావాలంటే సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించిన సురపాలుడి వృక్షాయుర్వేదం చూడవచ్చు, నళినీ సాధలే ఇంగ్లిషు అనువాదం. మాంసం, చేపలు ఉడికించి పులియబెట్టిన కుణపజలం అందులో ప్రసిద్ధం. చేపలు కడిగిన నీళ్లు గులాబీకి పోసే మన ఇళ్ల అలవాటు కూడా ఆ దారిదే.

ఒక్క చెట్టుకే చోటుంటే నా ఓటు పొగడకు. ఆకు దట్టం, కాలమంతా పచ్చన, కొమ్మ గట్టిది, నిదానంగా పెరుగుతుంది కనుక గోడతో తగువు పెట్టుకోదు. చిన్న పువ్వు నడుమ రంధ్రం ఉండటంతో పిల్లలు సూది లేకుండానే దారానికి గుచ్చేస్తారు, ఎండినా వాసన పోదు. పూతకు ఆరేడేళ్లు పట్టవచ్చు. అంత ఓపిక లేకపోతే పారిజాతం పెట్టండి, రెండో మూడో ఏడు శ్రావణానికే పూలు ఏరుకుంటారు.